సెకండ్ హ్యాండ్ చిన్న కారు కొనడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు సమగ్ర మార్గదర్శి

"మూడు నాలుగు లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకుంటున్నాం, ఏ మోడల్ మంచిది?" అని అడిగేవాళ్లు దసరా ముందు ఒక్కసారిగా పెరుగుతారు. మోడల్ పేరు చెప్పడం తేలికే. కానీ ఒకే ఏడాది తయారైన రెండు స్విఫ్ట్‌లలో ఒకటి ఇంకో పదేళ్లు నమ్మకంగా తిరుగుతుంది, రెండోది ఆరు నెలల్లో షెడ్డు పాలవుతుంది. ఆ బండి ఇన్నాళ్లూ ఎవరి చేతిలో, ఏ ఊళ్లో, ఎలా నడిచిందన్నదే తేడా. మెరుపు చూసి కాకుండా ఆ గతం చూసి కొనాలి. గతాన్ని ఎలా తవ్వాలో వరుసగా రాస్తున్నాను.

వరుస తప్పొద్దు. ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చయ్యేవి తర్వాత, డబ్బు అన్నిటికంటే ఆఖరున. ఏ మెట్టు దగ్గర బండి తప్పినా అక్కడే వదిలేయండి. ఈ రెండు జిల్లాల్లో చిన్న కార్లకు కరువు లేదు.

## 1. ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సినవి

చేతిలో 4 లక్షలు ఉంటే బండి ధర 3.4 లక్షలు దాటనివ్వకండి. పేరు మార్పు, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ, మొదటి సర్వీసు కలిపి మిగిలింది తినేస్తాయి. ఉన్నదంతా బండికే పోసినవాళ్లు అరిగిన టైర్లతోనే హైవే ఎక్కుతారు. నాకు భయం వేసేది అక్కడే.

పెట్రోలా, డీజిలా? నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరగని ఇంటికి పెట్రోలే. డీజిల్ బండికి ఇంజెక్టర్లు, టర్బో లాంటి ఖరీదైన భాగాలు ఎక్కువ. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేసింది కాబట్టి డీజిల్ స్విఫ్ట్ ఏది దొరికినా అంతకు ముందుదే.

ఏ ఏడాదిది? 2019 జులై 1 తర్వాత తయారైన కారు చూడమని గట్టిగా చెబుతాను. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు), జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు బేసిక్ మోడళ్లలో ఈ రెండూ లేకుండానే చాలా బళ్లు అమ్ముడయ్యాయి. లారీల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద పిల్లలతో వెళ్లే కుటుంబానికి అలాయ్ చక్రాలకన్నా ఇవే ముఖ్యం. ఇందుకోసం పాతిక ముప్పై వేలు ఎక్కువైనా పెట్టండి.

ఏ కంపెనీ? మన పట్టణాల్లో మెకానిక్‌కు చేయి తిరిగినవి, స్పేర్లు దొరికేవి మారుతి, హ్యుందాయ్, ఆ తర్వాత టాటా. ఆల్టో, వ్యాగన్ఆర్, స్విఫ్ట్, గ్రాండ్ ఐ10, శాంత్రో, టియాగో వీటిలో చూసుకుంటే చాలు. షెవర్లే 2017తో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. ఫిగో మంచి బండే, దాని స్టీరింగ్ అంటే నాకూ ఇష్టం. అయినా పలాసలోనో బొబ్బిలిలోనో ఉండేవాళ్లు ఒక్క పార్టు కోసం విశాఖ మీద ఆధారపడాల్సి వస్తే ఆ చవక చవక కాదు.

## 2. ఎక్కడ వెతకాలి

మొదట తెలిసిన చోట: ఆఫీసులో, బంధువుల్లో, మీ వీధిలో. బండి పెరిగింది కళ్లారా చూసినవాళ్లు ఉంటారు. మీ స్కూటర్ బాగుచేసే మెకానిక్‌కు కూడా ఓ మాట వేయండి, ఏ బండి అమ్మకానికి వస్తోందో షెడ్డుకే ముందు తెలుస్తుంది.

తర్వాత కంపెనీల పాత కార్ల షోరూములు. ధర ఎక్కువే, కానీ కాగితాల తలనొప్పి తక్కువ, కొన్ని బళ్లకు వారంటీ కూడా ఉంటుంది.

కార్ల కన్సల్టెన్సీలకు వెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరుకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి, బండి తన దగ్గరికి వచ్చిన సంగతి ఆన్‌లైన్‌లో నమోదు కావాలి. ఆ పత్రం చూపించమని అడగడంలో మొహమాటం వద్దు.

ఎప్పుడు కొనాలన్నది కూడా చూసుకోండి. దసరా, సంక్రాంతి ముందు కొనేవాళ్లు ఎక్కువ, బేరం సాగదు. ఆషాఢంలో, మూఢాల్లో అమ్మేవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. ముహూర్తం పట్టింపు ఉంటే బండి చూడటం, బేరం ఆషాఢంలో ముగించి, ఇంటికి తెచ్చుకోవడం శ్రావణంలో పెట్టుకోవచ్చు.

## 3. చూడటానికి వెళ్లేముందు ఫోన్లో అడగాల్సినవి

- ఆర్సీ మీ పేరు మీదే ఉందా? మీరు ఎన్నో ఓనర్?
- ఫైనాన్స్ ఉందా? తీరిపోతే ఎన్వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి వచ్చిందా?
- ఎందుకు అమ్ముతున్నారు?
- సర్వీసు ఎక్కడ చేయించారు? బిల్లులు ఉన్నాయా?
- ఎక్కడైనా టింకరింగ్, పెయింటింగ్ జరిగిందా?
- పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచి చూపిస్తారా?

ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబు బట్టే చాలా తెలిసిపోతుంది. బండి నంబరు చెప్పడానికి వెనకాడేవాళ్ల దగ్గరికి వెళ్లి పెట్రోలు తగలేయకండి.

## 4. నంబరు ప్లేటు చెప్పే కథ

ఏపీ 30 శ్రీకాకుళం, ఏపీ 35 విజయనగరం, ఏపీ 31 విశాఖపట్నం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి కొత్త బళ్ల విషయంలో ప్లేటు చూసి జిల్లా చెప్పలేం. ఆర్సీలో చిరునామా చూడాలి.

ఒడిశా బళ్లు. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు గంజాం (ఓడీ 07), గజపతి (ఓడీ 20) బళ్లు, పార్వతీపురం, సాలూరు వైపు రాయగడ (ఓడీ 18), కోరాపుట్ (ఓడీ 10) బళ్లు చవగ్గా కనిపిస్తాయి. ఆ చవకకు ఒడిశా నుంచి ఎన్వోసీ, మన దగ్గర లైఫ్ ట్యాక్స్, కొత్త రిజిస్ట్రేషన్ ఖర్చు కలపండి. ఇంకో రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందేనని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. "అందరూ తిప్పుతున్నారు, ఎవరూ అడగరు" అన్న మాట నమ్మి కొన్నాక, ప్రమాదం జరిగిన రోజున అన్నీ అడుగుతారు.

ఢిల్లీ, హర్యానా బళ్లు. మన దగ్గర సైన్యంలో, కేంద్ర బలగాల్లో పనిచేసేవాళ్లు ఎక్కువ, బదిలీల మీద అటువైపు కార్లు వస్తుంటాయి. జవాన్ సొంతంగా వాడుకున్న బండి మంచిదే కావచ్చు. కానీ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బళ్ల మీద ఆంక్షలు పెట్టడంతో ఆ వయసుకు చేరిన కార్లు టోకుగా బయటి రాష్ట్రాలకు తరలాయి. అమ్మేది వాడినవాడా, వ్యాపారా అన్నది తేల్చుకోండి. బీహెచ్ నంబరు (బదిలీలుండే ఉద్యోగులకిచ్చే, దేశమంతా చెల్లే సిరీస్) బండికి రెండేళ్లకోసారి పన్ను కట్టే పద్ధతి ఉంటుంది. ఆ సిరీస్‌కు అర్హత లేనివాళ్లు కొంటే మామూలు నంబరుకు మార్చుకుని పన్ను కట్టుకోవాలి.

టాక్సీగా తిరిగినవి. పసుపు ప్లేటు తీసేసి ఓన్ బోర్డుగా (సొంత వాడకం బండిగా) మార్చిన బండి కిలోమీటర్లు మీటరులో కనిపించేదానికన్నా ఎక్కువే అనుకోండి. పాత ఇన్సూరెన్స్ పాలసీలు అడిగితే, అందులో 'ప్రయాణికుల వాహనం' అని ఉన్నదీ లేనిదీ బయటపడుతుంది.

## 5. కాగితాలు: ఇనుము కన్నా ముందు ఇవే

ఇక్కడ గంట ఖర్చుపెట్టండి. ఇంజన్ పాడైతే డబ్బుతో బాగవుతుంది. కాగితం పాడైతే ఏ మెకానిక్కూ బాగుచేయలేడు.

ఎం పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టండి. తయారైన నెల, ఏడాది, ఇంధనం, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నవి తెలుస్తాయి. జాతీయ నేర నమోదు సంస్థ నడిపే 'వాహన్ సమన్వయ్'లో దొంగతనం కేసు ఉందేమో వెతకొచ్చు. చలాన్లు కేంద్ర ఈ-చలాన్ సైటులోనూ, రాష్ట్ర పోలీసు సైటులోనూ విడివిడిగా చూడండి.

తర్వాత అసలు ఆర్సీ పట్టుకుని బండి దగ్గర నిలబడండి. 17 అక్షరాల చాసిస్ నంబరును, ఇంజన్ నంబరును ఒక్కో అక్షరం చదువుతూ పోల్చండి. ఇద్దరుంటే ఒకరు చదవాలి, ఒకరు చూడాలి. ఆ చోట ఇనుము రాకినట్టు, కొత్తగా రంగేసినట్టు, అక్షరాలు వంకరగా ఉన్నట్టు కనిపిస్తే ఇంకేమీ మాట్లాడకుండా నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇన్సూరెన్స్ పాలసీలో దాగిన సమాచారం. నో క్లెయిమ్ బోనస్ శాతం చూడండి. క్లెయిమ్ లేకుండా ఏడాది గడిస్తే 20, ఆ తర్వాత ఏటా 25, 35, 45, 50 శాతానికి పెరుగుతుంది. ఐదేళ్లు ఒకే ఓనర్ దగ్గరున్న బండికి సున్నా శాతం ఉంటే, ఈమధ్యే క్లెయిమ్ అయినా జరిగి ఉండాలి, పాలసీ అయినా చాలాకాలం ఆగి ఉండాలి. ఏమైందో అడగండి. "చిన్న గీత" అంటే ఆ క్లెయిమ్ బిల్లు చూపించమనండి.

ఓనర్ చనిపోయిన బండి. పల్లెల్లో ఇది చాలా ఎక్కువ. నాన్న పేరు మీద బండి, కొడుకు అమ్ముతున్నాడు. మంచి కుటుంబమే కావచ్చు, జాలి కూడా కలగొచ్చు. కానీ ఫారం 31తో ముందు వారసుడి పేరుకు మారాలి, మిగతా వారసుల సమ్మతి ఉండాలి, ఆ తర్వాతే మీ పేరుకు. "మీరు తీసుకెళ్లండి, మెల్లగా చేయిద్దాం" అన్నారంటే ఆ మెల్లగా ఎన్నటికీ రాకపోవచ్చు.

సంతకాలు పెట్టిన ఖాళీ టీవో (పేరు మార్పు) ఫారాలు. కన్సల్టెన్సీ వాళ్లు పాత ఓనర్‌తో ఫారం 29, 30 మీద తేదీ లేకుండా సంతకాలు తీసుకుని ఉంచుతారు. సంతకం పెట్టినాయన ఎక్కడున్నాడో, ఫోన్ ఎత్తుతాడో లేదో చూసుకోవాలి. ఇప్పుడు ఆన్‌లైన్ పనులన్నిటికీ ఆధార్‌కు ముడిపడిన నంబరుకు ఓటీపీ వస్తోంది. ఆ ఓనర్ గల్ఫ్‌లో ఉండి, ఇక్కడి సిమ్ పోయి ఉంటే మీ పని ఆగిపోతుంది. డబ్బిచ్చేముందు ఆయనతో ఒకసారి మీరే ఫోన్లో మాట్లాడండి.

చూడాల్సిన పత్రాలు:

- అసలు ఆర్సీ (డిజీలాకర్ ప్రతి ఒక్కటే ఉంటే అసలుది ఎక్కడుందో అడగాలి)
- నడుస్తున్న ఇన్సూరెన్స్, పాతవి రెండు
- పొల్యూషన్ సర్టిఫికెట్
- ఫైనాన్స్ తీరితే బ్యాంకు ఎన్వోసీ, ఫారం 35 (ఆర్సీలో ఫైనాన్స్ తీసేయించే పత్రం)
- సర్వీసు బిల్లులు
- రెండు తాళాలు
- సీఎన్జీ కిట్ ఉంటే ఆర్సీలో దాని నమోదు, సిలిండర్ పరీక్ష పత్రం (మూడేళ్లకోసారి చేయించాలి)

పదిహేనేళ్లకు దగ్గరపడిన బండి అయితే రిజిస్ట్రేషన్ గడువు ముగిశాక ఫిట్‌నెస్, రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ మీ నెత్తిన పడతాయి. పదమూడేళ్ల బండిని చవకని కొనేవాళ్లు ఈ లెక్క మరిచిపోతారు.

## 6. చల్లని ఇంజన్

పొద్దున ఏడింటికల్లా వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారన్నమాట. ఇంకోరోజు వస్తామని చెప్పి రండి, లేదా మూడు గంటలు ఆగండి. వేడెక్కిన ఇంజన్ చాలా జబ్బులు దాచుకుంటుంది.

స్టార్ట్ చేయకముందు: ఆయిల్ పోసే మూత తెరవండి. లోపలి వైపు మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ పని కావచ్చు. కూలెంట్ డబ్బాలో నూనె తెట్టు ఉంటే అదీ అలాంటి గుర్తే. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి తిప్పిన బండి అయితే రేడియేటర్ లోపల తుప్పురంగు కనిపిస్తుంది.

తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా మీటర్ బోర్డు చూడండి. ఇంజన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు కాసేపటికి, ఇంజన్ లైటు స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగకపోతే మంచిదని అనుకోకండి. ఎయిర్‌బ్యాగ్ ఒకసారి పేలిపోయి, ఆ సంగతి తెలియకుండా లైటు పీకేసిన బళ్లలో అలా జరుగుతుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి, మీరు సైలెన్సర్ వెనక నిలబడండి.

- నీలం పొగ: ఇంజన్ ఆయిల్ తాగుతోంది. పెద్ద ఖర్చు.
- నల్ల పొగ: పెట్రోలు ఎక్కువ కాలుతోంది. సెన్సార్, ఎయిర్ ఫిల్టర్ లాంటి చిన్న కారణమూ ఉండొచ్చు.
- తెల్ల పొగ: చలికాలం పొద్దున కాసేపు ఆవిరి మామూలే. పది నిమిషాలైనా తగ్గకపోతే కూలెంట్ కాలుతోందని అర్థం.

రెండు మూడు సెకన్లలో స్టార్ట్ అవ్వాలి. సెల్ఫ్ బరువుగా తిరిగితే బ్యాటరీయో స్టార్టర్ మోటారో అయిపోయింది. పాత ఆల్టో 800లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది, ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్కేసి ఆ ఖర్చు ధరలో తగ్గించండి.

గడ్డివాముల పక్కన, ధాన్యం నిల్వల దగ్గర నిలిపే పల్లెటూరి బళ్లలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బానెట్ కింద వైర్ల మీద కొత్త టేపు చుట్లు, ఎండుగడ్డి పోగులు కనిపిస్తున్నాయేమో చూడండి.

## 7. బాడీ: డెంటు సంగతి వేరు, యాక్సిడెంట్ సంగతి వేరు

గీతలు, చిన్న సొట్టలు ఉన్నా పర్వాలేదు. పదేళ్ల బండికి ఒక్క గీత కూడా లేదంటేనే అనుమానించాలి. మనం వెతికేది ఎముక విరిగి అతికిన గుర్తులు.

ఎండ ఏటవాలుగా పడేటప్పుడు బండికి ఓ మూల కూర్చుని పక్కభాగం పొడుగునా చూడండి. మళ్లీ పెయింట్ వేసిన చోట అద్దంలా ఉండాల్సిన ప్రతిబింబం అలలుగా కనిపిస్తుంది. రెండు డోర్ల మధ్య సందు పైనుంచి కింది దాకా ఒకేలా ఉండాలి. డోర్ రబ్బరు కాస్త లాగి స్తంభం మీద కంపెనీ వెల్డింగ్ చుక్కలు సమదూరంలో ఉన్నాయో లేదో చూడండి.

బానెట్, ఫెండర్ల బోల్టుల మీద రంగు చెదిరి స్పానర్ గుర్తులుంటే అవి విప్పారన్నమాట. ఎందుకు విప్పారో చెప్పాల్సింది అమ్మేవాళ్లు. ఇంజన్ పక్కన అప్రాన్ (లోపలి రేకు గోడ), ముందు చాసిస్ కాళ్లు ముడతలు పడి ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు. ఆ బండి మళ్లీ గుద్దుకుంటే మిమ్మల్ని కాపాడేది అక్కడి ఇనుమే.

అద్దాల మూలల్లో తయారీ ముద్ర ఉంటుంది. అన్నిటి మీదా ఏడాది గుర్తు దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక్క డోర్ అద్దమే వేరుగా ఉంటే ఆ వైపు జాగ్రత్తగా చూడండి.

## 8. ఉప్పుగాలి, తుపాను, వరద

బయటి ఊళ్ల సలహాల్లో ఇది పెద్దగా కనిపించదు. మనకు మాత్రం ఇదే ముఖ్యం. బారువ, భావనపాడు, కళింగపట్నం, భోగాపురం తీరాన పెరిగిన బండికి తుప్పు పైనుంచి కనిపించదు, కిందనుంచి తింటుంది.

తుప్పు వెతకాల్సిన చోట్లు:

- డోర్ల అడుగు అంచు, నీళ్లు కారే రంధ్రాల దగ్గర
- డిక్కీలో స్టెప్నీ ఎత్తాక ఆ గొయ్యి
- బ్యాటరీ కింద పళ్లెం
- సైలెన్సర్ గొట్టం అతుకులు
- బండి కింద బ్రేక్ పైపులు, సస్పెన్షన్ ఆర్మ్‌లు

పైపైన ఎర్రబడిన తుప్పు ఫర్వాలేదు, గోకి కోటింగ్ వేయించొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో తడితే పొరలుగా రాలితే వదిలేయండి. బండి అడుగున కొత్త నల్లరంగు మందంగా కొట్టి ఉంటే దాని కింద ఏముందో తెలిసేవరకు కొనొద్దు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ ప్రాంతాన్ని ఊడ్చేశాయి. అంతకన్నా పాత బండి అయితే ఆ రోజు ఎక్కడుందని అడగండి. చెట్టు పడిన బండికి పైకప్పు మార్చి ఉంటారు, లోపల రూఫ్ గుడ్డ అంచులు ఊడి మళ్లీ అతికించినట్టు కనిపిస్తాయి.

మునిగిన బండి ఇంకా ప్రమాదం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నైలో వేలాది వాహనాలు నీట నానాయి. అలాంటివి శుభ్రం చేసి దూరం ఊళ్లలో అమ్ముతారు. పరీక్ష ఇలా చేయండి: సీటు బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద చార ఉంటుంది. సీటు పట్టాల బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి. కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి కింది స్పాంజి నొక్కి వాసన చూడండి. ఫ్యూజ్ బాక్స్ మూలల్లో సన్నటి మట్టి మిగులుతుంది. కారులో సెంటు వాసన గుప్పుమంటే అద్దాలన్నీ మూసి పది నిమిషాలాగి మళ్లీ ఎక్కండి. మునిగిన కారు వైరింగ్ ఎప్పుడు ఎక్కడ మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు. దానికి సరైన ధర అంటూ లేదు.

## 9. మీటరు నిజమేనా

డిజిటల్ మీటరును కూడా వెనక్కి తిప్పుతారు. 40 వేలే తిరిగిందని చెప్పే బండికి బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ మెరిసి, డ్రైవర్ సీటు అంచు కుంగి ఉంటే నమ్మకండి. ఓనర్‌ను వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్తే, అక్కడ చేయించిన ప్రతి సర్వీసు నాటి కిలోమీటర్లు కంప్యూటర్‌లో ఉంటాయి. ఆ అంకెలు వరుసగా పెరుగుతూ రావాలి.

టైరు మీద నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగిందన్న బండికి రెండో జత టైర్లు కూడా అరిగి ఉంటే లెక్క కుదరలేదన్నమాట.

నా మట్టుకు, 90 వేలు తిరిగి బిల్లులన్నీ ఉన్న బండిని, 35 వేలు తిరిగిందంటూ ఒక్క బిల్లూ లేని బండికన్నా ముందు ఎంచుకుంటాను.

## 10. నడిపి చూడటం

ఊళ్లో ఒక చుట్టు సరిపోదు. కనీసం 15 కిలోమీటర్లు నడపాలి, అందులో గతుకులు, ట్రాఫిక్, హైవే, ఎత్తు నాలుగూ ఉండాలి. శ్రీకాకుళంలో అయితే ఏడు రోడ్ల జంక్షన్ రద్దీలోంచి హైవే ఎక్కండి. విజయనగరంలో గంటస్తంభం చుట్టూ తిరిగి నాతవలస రోడ్డు పట్టండి. ఎత్తు కోసం ఏ రైల్వే ఓవర్‌బ్రిడ్జి అయినా చాలు. పాటలు, ఏసీ ముందు ఆపేయండి. చెవులతో నడపాలి.

క్లచ్: హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, కాస్త యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా అరుస్తూ ఉంటే క్లచ్ ప్లేటు అయిపోవచ్చింది. ఒక్కసారే చేయండి, పదేపదే చేస్తే మంచి క్లచ్ కూడా కాలుతుంది.

గేర్లు: మూడు నుంచి రెండుకు దించేటప్పుడు కర్రుమనకూడదు. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా తనే గేర్లు మార్చుకునే) బండి అయితే ఓవర్‌బ్రిడ్జి ఎత్తులో ఆపి మళ్లీ కదిలించండి. కుదుపులు ఎక్కువైనా, గేరు పడటానికి తడబడినా మెకానిక్‌కు చూపించందే ముందుకెళ్లొద్దు.

స్టీరింగ్: ఖాళీ రోడ్డు మీద చేతులు తేలికగా ఉంచితే బండి ఒక పక్కకు లాగకూడదు. పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే టకటకమని శబ్దం వస్తే యాక్సిల్ జాయింట్ పోయింది. 80 దగ్గర స్టీరింగ్ వణికితే చక్రాల బ్యాలెన్సింగ్ కావచ్చు, రిమ్ వంగి ఉండొచ్చు.

బ్రేకులు: వెనక ఎవరూ లేరని చూసుకుని 40 దగ్గర గట్టిగా నొక్కండి. తిన్నగా ఆగాలి.

ఏసీ: ఆఖరున వేయండి, పావుగంట ఉంచండి. మన కోస్తా ఉక్కపోతలో మొదటి రెండు నిమిషాల చల్లదనం లెక్కలోకి రాదు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడూ చల్లగాలి రావాలి.

తిరిగొచ్చాక ఆపకుండా ఇంకో రెండు నిమిషాలు ఇంజన్ నడవనిచ్చి కిందికి వంగి చూడండి. ఏసీ నీళ్లు కారడం మామూలే. ఆకుపచ్చ, ఎరుపు, నలుపు చుక్కలు పడితే అవి లీకులు.

## 11. మెకానిక్

ఇప్పుడు డబ్బు ఖర్చుపెట్టాలి. మీ మెకానిక్‌ను మీరే తెచ్చుకోండి. అమ్మేవాళ్లు "మనవాడే" అని చూపించే మెకానిక్ వద్దు. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి, కింద చాసిస్, సస్పెన్షన్, లీకులు, బ్రేక్ పైపులు చూపించమనండి. స్కానర్ పెట్టి ఇంజన్ కోడ్లు చదివించండి. కోడ్లన్నీ ముందురోజే చెరిపేసి ఉండొచ్చు కాబట్టి, నడిపి తెచ్చాకే స్కాన్ చేయించాలి.

మెకానిక్‌ను "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అంటాడు. "ఏడాదిలోపు ఏమేం మార్చాలి, ఒక్కోదానికి ఎంతవుతుంది?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

అమ్మేవాళ్లు షెడ్డుకు రానివ్వనంటే? అక్కడితో ముగించండి.

## 12. బేరం

ఇన్సూరెన్స్ పాలసీలో ఐడీవీ అనే అంకె ఉంటుంది, అంటే బీమా కోసం బండికి కట్టిన విలువ. కొత్త ధర మీద ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం తగ్గిస్తూ వేస్తారు. అయిదేళ్లు దాటాక బీమా కంపెనీ, ఓనర్ మాట్లాడుకున్న విలువ. అది మార్కెట్ ధర కాదు, కానీ బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు చేతికర్రలా పనికొస్తుంది.

ఆ తర్వాత మెకానిక్ రాసిచ్చిన కాగితం బల్ల మీద పెట్టండి. "టైర్లు నాలుగు, ముందు బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ కలిపి ఇంత" అని ఖర్చు చూపిస్తే ధర దిగుతుంది. ఊరికే "తగ్గించండి బాబూ" అంటే రెండు వేలు తగ్గుతాయి. బండిని తిట్టకండి. ఇష్టంగా చూసుకున్న ఓనర్ మనసు నొచ్చుకుంటే బేరం అక్కడే చెడుతుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు: ముహూర్తం రోజు ముందే పెట్టుకుని, ఆ రోజుకు ఏదో ఒక బండి కావాలని తొందరపడటం. అరసవల్లిలోనో పైడితల్లి గుడి దగ్గరో పూజ ఎప్పుడైనా చేయించుకోవచ్చు. బండి ఖాయమయ్యాకే తేదీ చూడండి.

## 13. డబ్బు, ఒప్పందం, పేరు మార్పు

బయానా అయిదు వేలు దాటనివ్వకండి. కాగితాల్లో తేడా వస్తే తిరిగిస్తామని రాయించుకోండి. మిగతా సొమ్ము ఆర్సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే పంపండి, బావమరిది ఫోన్‌పేకి వద్దు. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు, కాబట్టి నగదు కావాలని పట్టుబట్టే వాళ్లకు అదే చెప్పండి.

ఫైనాన్స్ ఇంకా ఉంటే అమ్మేవాళ్ల చేతికి డబ్బు ఇవ్వొద్దు. ఇద్దరూ బ్యాంకుకు వెళ్లి బాకీ మీరే లోను ఖాతాకు కట్టి, మిగిలింది ఓనర్‌కు ఇవ్వండి. ఎన్వోసీ చేతికి వచ్చేదాకా కొంత ఆపి ఉంచండి.

ఒప్పందంలో ఉండాల్సినవి:

- బండి, చాసిస్, ఇంజన్ నంబర్లు, మీటరు రీడింగ్
- ధర, చెల్లించిన తీరు
- అప్పగించిన తేదీతో పాటు గంట, నిమిషం
- ఆ క్షణం వరకు చలాన్లు, కేసులు పాత ఓనర్‌వి అన్న మాట
- ఇద్దరి ఆధార్ ప్రతులు, ఇద్దరు సాక్షులు

పేరు మార్పుకు ఫారం 29, 30తో 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. అమ్మినవాళ్లు 14 రోజుల్లో తెలియజేయాలి. వాళ్లు బద్ధకిస్తే ఒక మాట చెప్పండి: ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. వెంటనే కదులుతారు.

ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. అలా మార్చకపోతే ఎదుటివాళ్ల నష్టానికి పాలసీ వర్తించినా, మీ బండి సొట్టకు పైసా రాకపోవచ్చు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాలి.

## 14. ఇంటికి తెచ్చాక మొదటి నెల

ముందు వాళ్లు ఏం చెప్పినా ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చేయండి. ఆ రోజు మీటరు రాసి పెట్టుకుంటే మీ లెక్క అక్కడినుంచి మొదలవుతుంది. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలే వస్తోంది కాబట్టి, 2023కి ముందు బండి అయితే పెట్రోలు పైపుల రబ్బరు పగుళ్లు కూడా చూపించండి.

టైరు గాడుల మధ్య ఉండే చిన్న గట్టు, అంటే 1.6 మిల్లీమీటర్ల గుర్తు, టైరుతో సమానమైతే వానాకాలం రాకముందే మార్చండి. అరుగుదల లేకున్నా ఆరేళ్లు దాటిన టైర్లను హైవేకి వాడొద్దు. స్టెప్నీలో గాలి, జాకీ, స్పానర్ ఉన్నాయో లేదో చూసుకోండి, చాలామందికి ఈ సంగతి పంక్చర్ పడ్డ రోజున గుర్తొస్తుంది.

పాత ఓనర్ ఫాస్టాగ్ ఆయనతోనే మూయించి మీ పేరున కొత్తది తీసుకోండి. లేకపోతే నాతవలస, మడపాం టోల్‌గేట్ల దగ్గర మీరు దాటిన ప్రతిసారీ డబ్బు ఆయన ఖాతాలో కోత పడుతుంది, ఆయన విసిగి ట్యాగ్ ఆపేస్తే మీరు ఎక్కువ కట్టాలి. కొత్త ఆర్సీ వచ్చాక పేరు, చిరునామా, చాసిస్ నంబరు మళ్లీ ఒక్కో అక్షరం చూసుకోండి. తప్పుంటే ఆ వారమే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి సరిచేయించుకోండి.